వన్ గ్రామ్ హారం బీరువాలోనే ఎందుకు నల్లబడింది?

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంట్లోనే వన్ గ్రామ్ గోల్డ్ నగలు అమ్ముతుంటాను. రాగి మీదా ఇత్తడి మీదా చేసిన సరుకు తెప్పించుకుని విజయవాడలో పూత వేయిస్తాను. నిరుడు పూత వేయించి బీరువాలో పెట్టిన కాసులపేరు ఒకటి, ఎవరి మెడలోనూ పడలేదు, మొన్న పెళ్లిళ్ల సీజన్ కదా అని బయటికి తీస్తే మసకబారి గోధుమరంగుకి తిరిగిపోయి ఉంది. ఇంకో హారానికి కొక్కెం ఊడితే టంకం పెట్టించాను, ఆ చుట్టుపక్కల రెండంగుళాల మేర బంగారం రంగే లేదు. బంగారం కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలంటారు కదా, మరి ఎటు పోయినట్టు? పూత వేసే ఆయన్ని అడిగితే అంతా చెమట వల్లే అంటాడు. ఇంకొకాయన కింద నికెల్ వేస్తేనే నిలుస్తుంది, దానికి మజూరీ వేరే అంటాడు. మా అబ్బాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్, వాణ్ని అడిగితే "అది డిఫ్యూజన్ అమ్మా" అని మళ్లీ ఫోన్‌లో తల దూర్చాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: నికెల్ ఆయన మాట వినండమ్మా. మీ అబ్బాయి చెప్పిందీ నిజమే, కాకపోతే ఆ ఒక్క ముక్కా చెప్పి తప్పుకున్నాడు, మిగతాది నా నెత్తిన పడింది. చెమట అన్న ఆయన మాట కొన్ని నగలకు పనికొస్తుంది గానీ ఎవరూ వేసుకోని కాసులపేరుకి చెమట ఎక్కడిది, బీరువాకి పట్టిందా?

ముందు ఆ పూత ఎంత మందమో లెక్క చూద్దాం, ఎందుకంటే సగం సమాధానం అందులోనే ఉంది. కాసులపేరుకి ముందూ వెనకా, అంచులూ అన్నీ కలిపి 200 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉందనుకోండి. నిజంగానే ఒక గ్రాము బంగారం దాని మీద సమంగా పరిస్తే మందం రెండున్నర మైక్రాన్ల పైమాటే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత మందం పూత ఉన్న నగ అయితే మీరు నాకు ఉత్తరం రాసేవారే కాదు. బజారులో దొరికే పూతల్లో చాలావాటికి ఒక మైక్రాన్‌లో పదో వంతు ఉంటే గొప్ప. ఆ మందానికి మీ కాసులపేరు మొత్తానికీ పట్టే బంగారం 39 మిల్లీగ్రాములు, అంటే ఒక్క గ్రాముతో పాతిక హారాలకు పూత వేసేయొచ్చు! "వన్ గ్రామ్" అన్నది పేరు, తూకం కాదు. ఇది మీకూ తెలుసు, కొనేవాళ్లకీ తెలుసు, అందులో మోసం ఏమీ లేదు. కానీ ఆ పదో వంతు మైక్రాన్‌లో ఉండేవి నాలుగైదు వందల బంగారు పరమాణువుల వరసలు, అంతే. ఆ వరసల కింద ఉన్నది రాగి.

ఆ రాగి ఊరికే కూర్చోదు. పూతని మనం అద్దంలా ఏకంగా ఉన్న రేకు అనుకుంటాం గానీ, దగ్గరగా చూస్తే అది చిన్న చిన్న రేణువులు పక్కపక్కన ఒత్తుకుని పెరిగినది, గచ్చు మీద టైల్స్ పరిచినట్టు. టైల్స్‌కి మధ్య సందులున్నట్టే ఈ రేణువులకీ మధ్య సందులుంటాయి, రాగి పరమాణువులు ఆ సందుల్లోంచి పైకి పాకుతాయి. రేణువుల లోపల్నుంచి దూరి రావాలంటే మామూలు వేడిలో యుగాలు పడుతుంది, సందుల్లోంచి అయితే నెలలు, ఏడాది చాలు. పైకొచ్చిన రాగికి గాలిలో ఆక్సిజన్ తగులుతుంది, అక్కడికక్కడే ఆక్సైడ్ అయిపోతుంది. ఆక్సైడ్ అయిన పరమాణువు ఇక లోహం లెక్కలోంచి పోయినట్టే, దాని చోటు ఖాళీ, కాబట్టి కింద నుంచి ఇంకోటి వస్తుంది. బంతి భోజనాల్లో ముందు బంతి లేచీ లేవగానే వెనక బంతి వచ్చి కూర్చున్నట్టు. అంటే పైన ఆక్సిజన్ ఉన్నంతకాలం కింద రాగికి పిలుపు అందుతూనే ఉంటుందన్నమాట. బంగారం తుప్పు పట్టదు, నల్లబడదు, మీ కాసులపేరు మీద ఇప్పటికీ ఆ 39 మిల్లీగ్రాములూ ఉన్నాయి. మీకు కనపడుతున్న గోధుమరంగు దాని నెత్తినెక్కిన రాగి ఆక్సైడ్‌ది.

మీ బీరువా ఎక్కడుందో రాయలేదు. పడమటి గోడకి ఆనించి, పైన స్లాబు ఒక్కటే ఉన్న గదిలో ఉంటే మాత్రం, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి ఆ ఇనప బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో మీరే చెయ్యి పెట్టి చూడండి. ఈ పాకడం వేడితో నిదానంగా పెరిగే రకం కాదు, పది డిగ్రీలు పెరిగితే ఉరామరికగా రెండు మూడు రెట్లవుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా జరిగినదంతా ఒక్క మే నెలలో జరిగిపోవచ్చు. అందుకే ఈ ఫిర్యాదులు మన గుంటూరు, బెజవాడల్లో ఎక్కువగా వినపడితే నేనేమీ ఆశ్చర్యపోను.

ఇప్పుడు టంకం సంగతి. దీంట్లో నాకు స్వానుభవం ఉంది, ఇప్పటికీ మా చెల్లెలు ఎత్తిపొడుస్తుంటుంది. దాని పూత గొలుసు తెగితే, మెటలర్జీ చదివిన అన్నయ్యని కదా, నేను దగ్గరుండి అతికిస్తానని వీధిలో రిపేర్లు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వెలిగారం అద్ది, వెండి టంకం ముక్క పెట్టి, గ్యాస్ మంట ఊదాడు. అతుకు దగ్గర రెండు లంకెలు ముందు కొంచెం గులాబీ రంగుకి తిరిగాయి, అది చూసి ఇదేదో మంట రంగు పడిందేమో అనుకున్నాను. నాలుగు సెకన్లు కాలేదు, గులాబీ పోయి ముదురు ఎరుపు, ఆ తర్వాత మసి నలుపు. ఆయన దాన్ని పల్చని యాసిడ్‌లో ముంచి తీసి గుడ్డతో రుద్దేసరికి నలుపు పోయింది, కింద అచ్చం రాగి చెంబులా ఎర్రగా తేలింది. బంగారం ఏమైందయ్యా అంటే, "కాలిపోయిందండి" అన్నాడు. కాలిపోలేదు. రాగిలోకి ఇంకిపోయింది, వేడి పాలల్లో పంచదార వేసినట్టు. వెండి టంకం కరగాలంటే ఆరేడు వందల డిగ్రీలు కావాలి, ఆ వేడిలో పదో వంతు మైక్రాన్ బంగారం రాగిలో కలిసిపోవడానికి కన్ను మూసి తెరిచేంత టైమ్ చాలు. బంగారం కిందికి, రాగి పైకి. కరగడం అన్న మాటే లేదు ఇందులో, ఘనంగా ఉండగానే రెండూ ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఆ కలవడాన్నే మీ అబ్బాయి డిఫ్యూజన్ అన్నాడు.

మీరడిగిన వెయ్యి డిగ్రీల లెక్క, 1064 డిగ్రీలు, దిమ్మ బంగారానికి. రేకు పల్చనయ్యేకొద్దీ ఆ ధైర్యం సడలిపోతుంది. మైకేల్ ఫారడే 1857లోనే గాజు పలక మీద అతికించిన బంగారు రేకుని వేడి చేసి చూశాడు, కరిగే వేడికి చాలా కిందే దాని మెరుపు పోయి వెలుతురు దాటిపోయేలా తయారైంది. రేకు తన కింద ఉన్నదాన్ని అంటిపెట్టుకుని పరుచుకోవడం కంటే ముడుచుకుని చిన్న చిన్న బొట్లుగా అవ్వడానికే ఇష్టపడుతుంది, తామరాకు మీద నీళ్లలా. గాజు మీద ఇలా బొట్లు కడుతుంది, రాగి మీద అయితే కలిసిపోతుంది. కింద ఏముందన్నదాన్ని బట్టే పైన ఉన్నది ఎలా ప్రవర్తిస్తుందో తేలుతుంది. మీ వ్యాపారంలో పూత గురించి బేరమాడతారు గానీ కింద సంగతి ఎవరూ అడగరు, అదే చిక్కు.

మెత్తని తగరం టంకం అయితే కథ ఇంకోలా ఉంటుంది. తగరం, సీసం కలిపినది 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి రాగి అంతగా పైకి రాదు, కానీ కరిగిన తగరం బంగారాన్ని మహా ఆబగా తాగేస్తుంది. అతుకు చుట్టూ తెల్లగా, సీసం రంగులో మరక కనపడితే అదే జరిగిందనుకోండి. మీ హారానికి ఏ రంగు తేలిందో రాయలేదు, చూసుకోండి. ఎర్రగా ఉంటే గ్యాస్ మంట, తెల్లగా ఉంటే తగరం. రెండింటికీ మందు ఒకటే: నిప్పు పని ఏదున్నా పూతకి ముందే అయిపోవాలి. పూత వేశాక మంట చూపించారంటే మళ్లీ మొదటి నుంచీ చేయించడమే.

రాగిని వేడి చేస్తే ఏమవుతుందో కళ్లారా చూడాలంటే కరెంటు వైరు లోపలి తీగ ఒకటి బాగా తోమి, పట్టకారతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మంట అంచున పెట్టండి. ముందు నారింజ రంగు, తర్వాత ఊదా, నీలం ఒకదాని వెనక ఒకటి పరుగెడతాయి. అవి రంగులు కావు, ఆక్సైడ్ పొర మందం పెరుగుతుంటే వెలుతురు ఆడే ఆట, రోడ్డు మీద నీళ్లలో పెట్రోలు చుక్క పడితే కనపడేదే. ఇంకాస్త ఉంచితే ఎర్ర ఆక్సైడ్, దాని మీద నల్ల ఆక్సైడ్. ఎర్రగా కాలిన తీగని నీళ్లలో ముంచితే నలుపు పెచ్చులుగా రాలుతుంది. రాగి కన్నా రాగి ఆక్సైడ్‌కి చోటు ఎక్కువ కావాలి, దాదాపు ఒకటిన్నర రెట్ల పైన. పైగా చల్లారేటప్పుడు లోహం ఎక్కువ ముడుచుకుంటుంది, ఆక్సైడ్ తక్కువ. ఇరుకింట్లో చుట్టాలు దిగినట్టు తోపులాట మొదలై చివరికి పొర లేచిపోతుంది. (పిల్లింగ్, బెడ్‌వర్త్ అని ఇద్దరు 1923లో ఏ లోహానికి ఆక్సైడ్ ఎంత చోటు తీసుకుంటుందో లెక్కగట్టారు. మీ అబ్బాయికి వైవాలో అడగొచ్చు.)

సరే, నికెల్ ఏం చేస్తుంది? అడ్డం పడుతుంది, అంతే. మామూలు వేడిలో రాగి నికెల్‌లోంచి దూరి రావడం బంగారంలోంచి వచ్చినంత తేలిక కాదు. రెండు మైక్రాన్ల నికెల్ వేసి దాని మీద ఆ పదో వంతు మైక్రాన్ బంగారమే వేసినా, రాగికి పైకొచ్చే దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇది నగల వాళ్ల చిట్కా కాదు. మీ పర్సులో ఏటీఎం కార్డు తీసి చిప్ చూడండి, పచ్చగా మెరుస్తుంటుంది కదా, అది కూడా రాగి, దాని మీద నికెల్, దాని మీద పిసరంత బంగారం. ఫోన్‌లో సిమ్‌కీ అదే వరస. అక్కడ బంగారం మీదికి రాగి ఎక్కితే కనెక్షన్ పోతుంది కాబట్టి కంపెనీలు నికెల్ మానవు, మన దగ్గర మెరుపు పోయినా మాట అనిపించుకునేది మీరే కాబట్టి మానేస్తున్నారు. నికెల్ శాశ్వతమైన కోట అని మాత్రం అనుకోవద్దు. మంట పెడితే అదీ లొంగుతుంది, మరీ మందంగా వేస్తే పెళుసుబారి వంచినచోట చిట్లుతుంది, కొక్కేలు వంచి సరిచేసే అలవాటుంటే పూతకి ముందే వంచుకోండి.

ఇత్తడి సరుకుకి ఇంకో గొడవ ఉంది. ఇత్తడిలో రాగితో పాటు జింక్ ఉంటుంది, అది రాగి కన్నా హడావుడి మనిషి. 1947లో అచ్చయిన ఒక ప్రయోగంలో కిర్కెండాల్ అనే ఆయన, తన శిష్యుడితో కలిసి, ఇత్తడి కడ్డీకి మాలిబ్డినం అనే లోహపు సన్నని తీగలు ఆనించి, మీద రాగి పూత వేసి వారాల తరబడి కొలిమిలో ఉంచాడు. తీసి చూస్తే రెండు వైపులా ఉన్న తీగలు ఒకదానికొకటి దగ్గరగా జరిగి ఉన్నాయి. అంటే లోపలి నుంచి జింక్ బయటికి పోయినంత వేగంగా బయటి రాగి లోపలికి రాలేదు, లోపల తక్కువ పడింది. అలా తక్కువ పడ్డచోట లోహంలో సన్నని గుంటలు పడతాయి, అవి అతుకు పొడుగునా వరసగా చేరితే పూత పొక్కులా లేస్తుంది. మీకు వెనక్కి వచ్చిన సరుకులో నల్లబడకుండానే పొరలుగా లేచినవి ఉంటే, పూతకి ముందు జిడ్డు సరిగా కడగలేదా అన్నది మొదటి అనుమానం, ఇది రెండో అనుమానం. ఇత్తడికి ముందు పల్చగా రాగి, తర్వాత నికెల్, ఆ తర్వాత బంగారం, ఆ వరస అడగండి.

అడిగితే "వేశామండీ" అనే అంటారు. కాబట్టి నమ్మకం మీద కాదు, కాటా మీద పెట్టండి. అయిదు సెంటీమీటర్ల పొడుగు, రెండు సెంటీమీటర్ల వెడల్పు రాగి రేకు ముక్కలు నాలుగు కోయించి, మూలన చిల్లి కొట్టించి, మిల్లీగ్రాము చూపించే నగల కాటా మీద తూచి నోట్‌బుక్‌లో రాసుకోండి. పూత వేసే ఇద్దరికీ చెరి రెండు ఇచ్చి, మీ సరుకుతో పాటు అదే పూత తొట్టిలో వాటినీ వేలాడదీయమనండి. రెండు మైక్రాన్ల నికెల్ పడితే ముక్క బరువు 36 మిల్లీగ్రాములు పెరగాలి, పదో వంతు మైక్రాన్ బంగారానికి ఇంకో నాలుగు. నికెల్ తర్వాత ఒకసారి, బంగారం తర్వాత ఒకసారి ఆరబెట్టి తూచనిస్తే మంచిది, తూచనివ్వకపోతే మొత్తం మీద నాలుగే పెరిగిందా నలభై పెరిగిందా అన్నది చాలు. పైన లక్కర్, అంటే వార్నిష్ లాంటిది, కొట్టవద్దని చెప్పండి, దాని బరువు కలిసి లెక్క తప్పుతుంది.

తర్వాత వంటకి వాడని పాత ఓటీజీ ఓవెన్ ఎక్కడైనా దొరికితే, ఇద్దరు పనివాళ్ల ముక్కలూ పక్కపక్కన పెట్టి 200 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఉంచండి. బీరువాలో నెలల తరబడి జరిగేది మీకు ఒక్క పూటలో కనపడుతుంది. నికెల్ లేనిది ముందు ఎర్రటి ఛాయకి తిరుగుతుంది, తర్వాత మబ్బు కమ్మినట్టు మసకబారి గోధుమరంగు, అంచుల దగ్గర, గీతలు పడ్డచోట ఇంకా ముందు. నికెల్ ఉన్నది దాదాపు అలాగే ఉంటుంది. ఆ రెండు ముక్కలూ ఇంట్లో బల్ల మీద పెట్టుకోండి, కొనేవాళ్లకి మీరు ఎక్కువ ధర ఎందుకు చెబుతున్నారో వివరించే పని తప్పుతుంది. రాళ్లు, ముత్యాలు, లక్క ఉన్న నగని మాత్రం ఓవెన్‌లో పెట్టకండి తల్లీ, నా మీదికి వస్తారు.

చెమట అన్న పెద్దాయన్ని కూడా పూర్తిగా కొట్టిపారేయొద్దు. పల్చని పూతలో కంటికి కనపడని చిల్లులు ఉంటాయి, ఉప్పు చెమట అందులో దిగితే కింద రాగి చిలుము పడుతుంది. తేడా ఇలా పట్టొచ్చు: మెడ వెనక, కొక్కెం దగ్గర, చర్మం తగిలేవైపు పచ్చగా, చుక్కలు చుక్కలుగా ఉంటే చెమట పని. ముందూ వెనకా తేడా లేకుండా అంతటా ఒకేలా గోధుమరంగు కమ్మితే లోపల్నుంచి వచ్చింది. ఇంకో రకం ఉంది, నల్లటి గీత. నగని కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండు వేసే అలవాటు ఉందా? రబ్బరులో గంధకం ఉంటుంది, ఆ బ్యాండు ఆనినచోట సరిగ్గా బ్యాండు వెడల్పున నల్ల చార పడుతుంది. రబ్బరు బ్యాండ్లు ఈ రోజే తీసి పారేయండి, ఒక్కో నగనీ విడిగా జిప్ కవరులో పెట్టి గాలి పిండి మూయండి, బీరువాని ఎండ తగిలే గోడకి దూరంగా జరపండి. ఆక్సిజన్ తక్కువ, వేడి తక్కువ, అంతకు మించి ఖర్చు లేదు.

ఒక్క జాగ్రత్త. నికెల్ కొందరి చర్మానికి పడదు, దురద, దద్దుర్లు వస్తాయి. యూరప్‌లో చర్మాన్ని అంటుకునుండే నగ నుంచి చదరపు సెంటీమీటరుకి వారానికి సగం మైక్రోగ్రాము మించి నికెల్ బయటికి రాకూడదని చట్టమే ఉంది, చెవికి, ముక్కుకి కుట్టే వాటికి ఇంకా తక్కువ. కాబట్టి హారాలకి, వడ్డాణాలకి నికెల్ వేయించండి, కమ్మలకి, ముక్కుపుడకలకి మాత్రం రాగి, తగరం, జింక్ కలిపిన తెల్ల కంచు పూత వేయగలరా అని అడగండి. నికెల్ వేసిన సరుకుని "స్కిన్ ఫ్రెండ్లీ" అని వాట్సాప్‌లో పెట్టకండి.

మీ అబ్బాయి ప్రాజెక్టులో గాజు మీద బంగారం పూత వేస్తుంటే వాడికీ ఒక మాట. బంగారం గాజుకి పట్టదని కింద క్రోమియం వేస్తారు, అది ఆక్సిజన్ కోసం గాజునైనా పట్టుకుని వేలాడుతుంది కాబట్టి అతుకు గట్టిగా ఉంటుంది. కానీ వేడి చేస్తే అదే క్రోమియం బంగారం సందుల్లోంచి పైకెక్కి అక్కడ ఆక్సైడ్ అవుతుంది. అమ్మ కాసులపేరుదీ వాడి గాజు పలకదీ ఒకే జబ్బని చెప్పండి, ఫోన్ పక్కన పెడతాడేమో చూద్దాం.

ఇక మీ చేతిలో ఉన్న రెండు నగలు. కాసులపేరుని చింతపండు నీళ్లలో కాసేపు ఉంచి మెత్తని బ్రష్‌తో కడిగితే పై ఆక్సైడ్ పోయి మళ్లీ మెరుస్తుంది, మీరు సంబరపడతారు, కానీ రాగికి దారి తెలిసిపోయింది, మళ్లీ వస్తుంది. అలా కడిగి కొత్తదని అమ్మకండి. పాత పూత మీదే మళ్లీ బంగారం వేస్తానంటే ఒప్పుకోకండి, పాలిష్ పట్టించి రాగి దాకా తీయించి నికెల్ దగ్గర్నుంచి మొదలుపెట్టించండి. టంకం పెట్టిన హారానికి ఆ రెండంగుళాలకే బ్రష్‌తో పూత వేసేవాళ్లున్నారు, రంగు కలవదు, అతుకు పక్కన గీత తెలుస్తూనే ఉంటుంది, మొత్తం హారం తొట్టిలో పడాల్సిందే. దానికి ముందు మిగిలిన కొక్కేలు, లంకెలు అన్నీ ఒకసారి లాగి చూడండి, వదులుగా ఉన్నవాటికి ఇప్పుడే టంకం పెట్టించేయండి.